కెర్నెల్ టైమ్ ఫంక్షన్‌కు వచ్చిన చిన్న బగ్ ఫిక్స్‌ను రివ్యూ చేయడం ఎలా: అడుగడుగునా మార్గదర్శి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం పరిసరాల్లో ఇంటి నుంచే ఎంబెడెడ్ లినక్స్ పనులు చేస్తున్నవారూ, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల్లో ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థులూ నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: "ప్యాచ్ చూస్తే ఆరు వరుసలే ఉందండీ, కంపైల్ కూడా అయింది, ఇంకా చూడటానికి ఏముంటుంది?" ప్యాచ్ అంటే కోడ్‌లో చేసే మార్పును రాసిన ఫైలు; ఇక్కడ ఆ కోడ్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండె లాంటి కెర్నెల్‌ది. ఆ ఆరు వరుసలు చదవడానికి అయిదు నిమిషాలు చాలు. అవి ఏ గడియారాన్ని చదువుతున్నాయో, ఏ కొలతలో చెబుతున్నాయో, ఏ అంకె దగ్గర హద్దు దాటి పొర్లిపోతాయో తేల్చడానికి మాత్రం ఒక పూట పడుతుంది. ఆ పూట పనిని వరుసగా కింద రాస్తున్నాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను. మా మేనమామ రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్లను నడిపే 32 బిట్ల ఆర్మ్ బోర్డు ఒకటి ఉండేది. దాని డ్రైవర్‌ను ఒక స్నేహితుడు రాశాడు. రివ్యూ చేసి సరేనన్నది నేనే. ఒకనాడు తెల్లవారకముందే మావయ్య ఫోన్ చేసి, "ఒరేయ్ అల్లుడూ, మూడింటికి తిరగాల్సిన ఏరేటర్లు తిరగలేదురా. పెట్టె ఆపి మళ్లీ వేస్తే తిరుగుతున్నాయి. కరెంటు బాగానే ఉంది" అన్నారు. చెరువులో ఆక్సిజన్ అడుగంటేది సరిగ్గా ఆ వేళకే. ఆపి వేస్తే బాగుపడిందంటే, బూట్ అయినప్పటి నుంచి పెరుగుతూ వస్తున్న సంఖ్య ఏదో ఎక్కడో పొర్లిందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ ఫంక్షన్ పని చాలా చిన్నది: బూట్ అయినప్పటి నుంచి గడిచిన కాలాన్ని మిల్లీసెకన్లలో ఇవ్వడం. తెలుగులో రాసుకుంటే ఇలా ఉంటుంది.

లాంగ్ సె = కాలం.సెకన్లు
ఫలితం = సె * 1000 + కాలం.నానో / 1000000

ఫలితం 64 బిట్లది. దాన్ని అందుకునే చోట కూడా 64 బిట్లే ఉన్నాయి. అందుకే నా కంటికి అంతా సవ్యంగా కనిపించింది.

## 1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ప్యాచ్‌ను కేవలం తెర మీద చదివి అభిప్రాయం చెప్పకూడదు. అది ఏ కమిట్ (గిట్‌లో భద్రపరచిన కోడ్ స్థితి) మీద తయారైందో తెలుసుకుని, సరిగ్గా ఆ మూలం మీదే గిట్ ఏఎమ్‌తో ఎక్కించాలి. మూలం చెప్పకపోతే అదే మీ మొదటి ప్రశ్న అవుతుంది.

మీ దగ్గర ఉండవలసినవి:

- ప్యాచ్ ఎక్కించని ట్రీ (కెర్నెల్ కోడ్ మొత్తం) ఒకటి, ఎక్కించిన ట్రీ ఒకటి, వేర్వేరు ఫోల్డర్లలో
- 64 బిట్ల బిల్డ్‌తో పాటు తప్పనిసరిగా ఒక 32 బిట్ల బిల్డ్. బోర్డు లేకపోతే ఆర్మ్ క్రాస్ కంపైలర్, క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్ చాలు
- హెచ్చరికలన్నీ కనబడేలా డబ్ల్యూ=1 తో చేసిన బిల్డ్ లాగ్
- చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ ఫలితం
- కాగితం, పెన్ను

ఈ జాబితాలో జనం వదిలేసేది 32 బిట్ల బిల్డ్‌నే. లాంగ్ అనే సంఖ్యారకం 32 బిట్ల బోర్డులో 32 బిట్లే, 64 బిట్ల లినక్స్‌లో 64 బిట్లు కాబట్టి, మన ఉదాహరణలోని బగ్ మీ ల్యాప్‌టాప్‌లో ఎన్నటికీ కనబడదు. నేను తప్పు చేసిందీ అక్కడే.

## 2. కోడ్ కంటే ముందు వివరణ చదవడం

ప్యాచ్‌తో వచ్చే వివరణలో మూడు సంగతులు ఉండాలి: వాడేవారికి కనబడిన లక్షణం, దాని వెనుక ఉన్న కారణం, ఈ మార్పు ఆ కారణాన్ని ఎలా తొలగిస్తుందన్నది. "ఓవర్‌ఫ్లో సరిచేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, కోడ్ ఎంత బాగున్నా వెనక్కి పంపి రాయించుకోవడమే మంచిది. నాలుగేళ్ల తర్వాత ఆ వరుస మీద గిట్ బ్లేమ్ (ఆ వరుస ఏ కమిట్‌తో వచ్చిందో చూపే ఆదేశం) చేసేవారికి దొరికేది ఆ వివరణ ఒక్కటే.

తర్వాత 'ఫిక్సెస్' ట్యాగ్ చూడాలి. అందులో తప్పు మొదలైన కమిట్ హ్యాష్ మొదటి 12 అక్షరాలు, దాని శీర్షిక ఉండాలి. చాలామంది బ్లేమ్‌లో పైన కనబడిన కమిట్‌ను రాసేస్తారు. తీరా చూస్తే అది ఫంక్షన్‌ను ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు మార్చిన కమిట్ అయి ఉంటుంది. గిట్ లాగ్‌కు పెద్ద బడి ఎల్ లేదా ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ వరుస అసలు పుట్టిన చోటికి వెళ్లి సరిచూడండి. ఈ ట్యాగ్ తప్పితే ఫిక్స్ అవసరమైన పాత స్టేబుల్ కెర్నెళ్లకు అది చేరకుండా పోతుంది.

## 3. ఏ గడియారం చదువుతోంది?

కెర్నెల్‌లో గడియారం ఒకటి కాదు. ఫంక్షన్ ఏ గడియారాన్ని చదువుతోందో తేలకుండా లెక్క చూడటం వృథా.

రియల్‌టైమ్: గోడ గడియారం లాంటిది. ఎవరైనా ముందుకూ వెనక్కూ తిప్పగలరు. బ్యాటరీతో నడిచే గడియారపు చిప్, అంటే ఆర్‌టీసీ లేని బోర్డు, కరెంటు పోయి వచ్చిన తర్వాత 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది. మన కాలమానంలో అది ఉదయం 5:30. నెట్ దొరికి, సరైన సమయాన్ని తెచ్చే ఎన్‌టీపీ సరిచేయగానే ఒక్క ఉదుటున యాభై ఏళ్లు దాటేస్తుంది. గాలివానకు కరెంటు పోయి వచ్చే లంక గ్రామాల్లో ఇది రోజువారీ సంగతే. గడిచిన కాలాన్ని కొలవడానికి ఎవరైనా దీన్ని వాడితే, మిగతా ప్యాచ్ చదవకుండానే ఎందుకని అడగవచ్చు.

మోనోటోనిక్: వెనక్కి పోదు. అయితే యంత్రం సస్పెండ్‌లో ఉన్న కాలాన్ని లెక్కలోకి తీసుకోదు.

బూట్‌టైమ్: మోనోటోనిక్‌కు సస్పెండ్ కాలాన్ని కలిపితే వచ్చేది.

జిఫ్ఫీలు: నిర్ణీత వ్యవధిలో కెర్నెల్‌లో పడే టిక్కుల లెక్క. టిక్కు ఎంత తరచుగా పడుతుందన్నది హెచ్‌జెడ్ అనే కాన్ఫిగరేషన్ మీద ఆధారపడుతుంది. సెకనుకు 100, 250, 300, 1000 వాడుకలో ఉన్న విలువలు.

ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం ఒక్క పదం మార్పులా కనిపిస్తుంది. 2018లో 4.17 కెర్నెల్ తయారవుతున్నప్పుడు మోనోటోనిక్‌ను కూడా బూట్‌టైమ్ లాగే సస్పెండ్ కాలాన్ని లెక్కించేలా మార్చారు. నిద్ర లేచిన యంత్రాల్లో ప్రోగ్రాములు అయోమయంలో పడటంతో, ఆ వెర్షన్ విడుదల కాకముందే మార్పును వెనక్కి తీసుకున్నారు. కాబట్టి బగ్ ఫిక్స్ పేరుతో గడియారాన్నే మార్చిన ప్యాచ్ వస్తే, దాన్ని చిన్న ప్యాచ్‌గా లెక్కవేయకండి.

టైమ్ జోన్ విషయం కూడా ఇక్కడే చూడాలి. కెర్నెల్ లోపలి రియల్‌టైమ్ యూటీసీలో ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపే పని, కెర్నెల్ బయట ప్రోగ్రాములు నడిచే చోటైన యూజర్‌స్పేస్‌లోని లైబ్రరీలది. 19800 సెకన్లు కలిపే లేదా తీసేసే వరుస ఏదైనా ప్యాచ్‌లో కనబడితే, అసలు తప్పు ఆర్‌టీసీని స్థానిక కాలంలో పెట్టుకోవడం దగ్గర ఉందేమో అడగండి. విండోస్‌తో కలిపి వాడే యంత్రాల్లో ఇది మామూలే.

మన ఏరేటర్ ఫంక్షన్ మోనోటోనిక్‌ను చదువుతోంది. బోర్డు ఎప్పుడూ సస్పెండ్ కాదు. గడియారం సరైనదే, ముందుకు పోవచ్చు.

## 4. ప్యాచ్ లేకుండా బగ్‌ను పుట్టించడం

బగ్‌ను మీ కళ్లతో చూడకుండా ఫిక్స్‌ను ఒప్పుకోవద్దు. అయితే మా మావయ్య పెట్టె మొరాయించడానికి దాదాపు 25 రోజులు పట్టింది. అన్ని రోజులు ఎవరూ కూర్చోలేరు.

ప్యాచ్ లేని ట్రీలో, సెకన్లు చదివిన వెంటనే వాటికి తాత్కాలికంగా 2147400 కలపండి. అప్పుడు బూట్ అయిన 84వ సెకనులోనే ఫలితం రుణసంఖ్యగా మారిపోతుంది. అదే యంత్రంలో ప్యాచ్ ఎక్కించి, ఆ కలపడాన్ని అలాగే ఉంచి మళ్లీ నడపండి. రెండు లాగ్‌లూ దాచుకోండి.

జిఫ్ఫీలకు సంబంధించిన బగ్ అయితే ఈ తంటా లేదు. జిఫ్ఫీల 32 బిట్ల లెక్క బూట్ అయిన అయిదు నిమిషాలకే పొర్లేలా కెర్నెల్ వారు మొదటి విలువను కావాలనే వెనక్కి పెట్టారు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు అది.

టైమ్ నేమ్‌స్పేస్‌తో గడియారాన్ని ముందుకు జరిపి పరీక్షించానని ఎవరైనా అంటే జాగ్రత్త. ఆ జరుపుడు యూజర్‌స్పేస్ ప్రోగ్రాములకే కనబడుతుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్ పాత విలువనే చదువుతుంది కాబట్టి ఆ పరీక్ష దేన్నీ నిరూపించదు.

## 5. కాగితం మీద లెక్క

మొత్తం రివ్యూలో ఎక్కువ సేపు గడపవలసింది ఇక్కడ.

32 బిట్ల ధన, రుణ గుర్తు గల (సైన్డ్) సంఖ్యలో పట్టే గరిష్ఠ విలువ 2147483647. అన్ని మిల్లీసెకన్లంటే 24 రోజుల 20 గంటల 31 నిమిషాల 23.647 సెకన్లు. ఆ తర్వాతి మిల్లీసెకనుకు లెక్క ధన వైపు నుంచి రుణ వైపుకు దొర్లుతుంది. ఏరేటర్ కోడ్ "ఇప్పటి కాలం, తర్వాత ఆన్ చేయవలసిన కాలాన్ని దాటిందా?" అని అడుగుతుంది. తర్వాతి కాలం 64 బిట్లలో భద్రంగా, 2147483647 కంటే పెద్దదిగా ఉంది. ఇప్పటి కాలం ఆ విలువను ఇక ఎప్పటికీ అందుకోలేదు. పెట్టె ఆపి వేసేదాకా ఏరేటర్ తిరగకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు మొదటి ప్యాచ్ చూడండి.

ఫలితం = (ఎస్64)(సె * 1000 + కాలం.నానో / 1000000)

64 బిట్ల సంఖ్యారకమైన ఎస్64 అన్న మాట కనబడగానే చాలామంది రివ్యూ ముగిస్తారు. గుణకారం ఇంకా 32 బిట్లలోనే జరుగుతోంది; పొర్లిపోయిన తర్వాత మిగిలిన దాన్ని పెద్ద పాత్రలోకి ఒంపుతున్నారు. కాస్ట్ (రకం మార్పు) గుణకారానికి ముందు, సెకన్ల మీదే పడాలి. అంతకంటే మేలైన దారి మధ్యలో ఉన్న ఆ లాంగ్ చలరాశిని తీసేయడం. కెర్నెల్‌లోని టైమ్‌స్పెక్64 లో సెకన్లు ముందే 64 బిట్లవి. వాటిని లాంగ్‌లోకి కుదించడమే అసలు నేరం. ఇదే కోడ్‌ను రేపు ఎవరైనా రియల్‌టైమ్‌కు వాడితే, 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే గుణకారం దాకా పోనక్కరలేకుండా సెకన్లే తెగిపోతాయి.

హద్దు దగ్గర మూడు విలువలు ఎప్పుడూ రాసుకోవాలి: హద్దుకు ఒకటి తక్కువ, సరిగ్గా హద్దు, ఒకటి ఎక్కువ. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 11.74 దగ్గర ఇవ్వరు, 11.75 దగ్గర ఇవ్వాలి. 'కంటే ఎక్కువ' అని రాసిన కోడ్ 11.75 దగ్గర మౌనంగా ఉంటుంది, 'ఎక్కువ లేదా సమానం' అని రాసినది మోగుతుంది. జిఫ్ఫీలను పోల్చే టైమ్ ఆఫ్టర్, టైమ్ ఆఫ్టర్ ఈక్యూ మాక్రోల మధ్య తేడా కూడా ఇంతే, ఇక్కడ పడే తప్పులు కూడా ఇవే.

ప్రాసెసర్ లెక్కపెట్టే చక్రాలను (సైకిళ్లను) నానోసెకన్లుగా మార్చే ఫంక్షన్లలో లెక్క మరో రూపంలో వస్తుంది. అక్కడ చక్రాల సంఖ్యను ఒక గుణకంతో హెచ్చించి, కొన్ని బిట్లు కుడికి జరుపుతారు. జరపడానికి ముందు వచ్చే మధ్య విలువ 64 బిట్లలో పడుతుందా అన్నదే ప్రశ్న. ఎక్స్86 ప్రాసెసర్ల మీద షెడ్యూలర్ గడియారంలో 10 బిట్లు జరిపే చోట ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. 2 పవర్ 54 నానోసెకన్లు, అంటే సుమారు 208 రోజులు ఆగకుండా నడిచిన సర్వర్లు ఆ దెబ్బ తిన్నాయి.

లెక్క చూసేటప్పుడు:

- ప్రతి చలరాశి పక్కన దాని కొలత రాయండి: సెకను, మిల్లీ, మైక్రో, నానో, టిక్కు, చక్రం
- ప్రతి గుణకారం ఎన్ని బిట్లలో జరుగుతోందో రాయండి. ఎక్కడ దాచుకుంటున్నారన్నది వేరే సంగతి
- నానో భాగం 0 నుంచి 999999999 లోపే ఉంటుందన్న నియమం ప్రతి దారిలోనూ నిలుస్తోందో లేదో చూడండి
- విలువ రుణసంఖ్య అయ్యే దారి ఉందేమో వెతకండి

## 6. రెండో వెర్షన్ వచ్చినప్పుడు

మీ వ్యాఖ్య చూసి రచయిత ఉత్సాహంగా మొత్తం తిరగరాస్తారు. కాలాన్ని నానోసెకన్లలో 64 బిట్ల సంఖ్యగా తీసుకుని 1000000తో భాగిస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నిజానికి మొదటి దానికంటే దీన్నే జాగ్రత్తగా చూడాలి.

మొదటి చిక్కు బిల్డ్‌లోనే వస్తుంది. 32 బిట్ల ఆర్మ్‌లో 64 బిట్ల సంఖ్యను నేరుగా భాగిస్తే, దానికి కావలసిన సహాయక ఫంక్షన్ కెర్నెల్‌లో లేదంటూ లింకర్ ఆగిపోతుంది. డివ్ ఎస్64 వంటి కెర్నెల్ ఫంక్షన్‌ను గానీ, నేరుగా కేటైమ్ టు ఎమ్ఎస్‌ను గానీ వాడమనాలి.

రెండో చిక్కు కంపైలర్‌కు కనబడదు. రుణకాలం ఒకటిన్నర మిల్లీసెకన్లు అనుకోండి. పాత పద్ధతిలో అది మైనస్ 1 సెకను, 998500000 నానోసెకన్లుగా ఉంటుంది. లెక్క వేస్తే మైనస్ 1000 ప్లస్ 998, అంటే మైనస్ 2. కొత్త పద్ధతిలో మైనస్ 1500000ను 1000000తో భాగిస్తే సున్నా వైపుకు కుదించి మైనస్ 1 వస్తుంది. రెండింటిలో ఏది సరైనదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బగ్ ఫిక్స్ అని చెప్పిన ప్యాచ్ వేరొక ప్రవర్తనను కూడా మార్చింది, ఆ సంగతి వివరణలో లేదు.

బూట్ నుంచి గడిచిన కాలం రుణం కాదు కాబట్టి మన ఉదాహరణకు నష్టం లేదు. అదే ఫంక్షన్‌ను రెండు సమయాల తేడాకు పిలిచేవారు ఎవరైనా ఉన్నారేమో గిట్ గ్రెప్‌తో వెతికి, ఉన్నవారి జాబితాను జవాబులో పెట్టండి.

## 7. ఎవరు పిలుస్తున్నారు, ఎవరికి చెప్పాలి

గడియారాన్ని చదివేవారు సీక్వెన్స్ కౌంటర్ (విలువ మారినప్పుడల్లా పెరిగే అంకె) చూసి చదువుతారు. చదువుతుండగా విలువ మారితే మళ్లీ మొదటి నుంచి చదువుతారు. ప్యాచ్ ఒక కొత్త చదువును ఆ వలయం (లూప్) బయట పెట్టిందేమో చూడాలి. సెకన్లు పాతవి, నానోలు కొత్తవి కలిసిపోయే బగ్గులు అలాగే పుడతాయి.

ఎన్ఎమ్ఐ (అడ్డుకోవడానికి వీల్లేని ఇంటరప్ట్) లోంచి పిలిచే కోడ్‌లో మామూలు కేటైమ్ గెట్ వాడకూడదు. గడియారాన్ని రాస్తున్న కోడ్‌నే ఎన్ఎమ్ఐ మధ్యలో ఆపి ఉంటే, ఆ వలయం ఎప్పటికీ ముగియదు. అలాంటి చోట్ల కోసమే మోనో ఫాస్ట్ రకం వేరుగా ఉంది.

గడియారాన్ని మార్చే ప్యాచ్ అయితే, ఆ మార్పు టైమర్లకు తెలుస్తోందా అన్నది అడగాలి. 2012 జూన్ 30న లీప్ సెకను (గడియారాలకు అదనంగా కలిపే ఒక సెకను) కలిపినప్పుడు, మనకు అది జులై 1 ఉదయం అయిదున్నర, కెర్నెల్ తన రియల్‌టైమ్‌ను సరిచేసుకుంది గానీ హైరిజల్యూషన్ టైమర్లకు ఆ మాట చెప్పలేదు. ఒక సెకను లోపు గడువున్న టైమర్లు పెట్టిన వెంటనే ముగిసిపోతూ ప్రోగ్రాములను గిరగిరా తిప్పాయి. తేదీని ఒకసారి మళ్లీ సెట్ చేస్తే చాలు, అంతా సర్దుకునేది.

యూజర్‌స్పేస్ చూసే విలువను మార్చే ఫిక్స్‌కు వీడీఎస్ఓలో (ప్రోగ్రాములకు కెర్నెల్ అందించే చిన్న లైబ్రరీలో) జంట కోడ్ ఉందేమో కూడా చూడండి. క్లాక్ గెట్‌టైమ్ చాలా సందర్భాల్లో కెర్నెల్‌లోకి రాకుండా అక్కడే జవాబు తీసుకుంటుంది.

## 8. పరీక్షలు

- లెక్కను విడిగా పరీక్షించే కేయూనిట్ (కెర్నెల్ కోడ్‌ను పరీక్షించే చట్రం) టెస్ట్ ఒకటి అడగండి. సెకన్లు, మిల్లీసెకన్లుగా ఇవ్వవలసిన విలువలు: 0, 2147483 మీద 646, 647, 648, 2147484 మీద 0.
- కేయూనిట్‌ను ఆర్మ్ ఆర్కిటెక్చర్ ఆప్షన్‌తో నడపండి. క్యూఈఎమ్‌యూను అదే లేపుకుంటుంది.
- కెర్నెల్ సెల్ఫ్‌టెస్టుల్లో టైమర్స్ విభాగాన్ని ప్యాచ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నడిపి తేడా చూడండి. వాటిలో కొన్ని గడియారాన్నే తిప్పుతాయి కాబట్టి రోజూ పని చేసుకునే యంత్రంలో నడపవద్దు.
- కొత్త టెస్ట్ ప్యాచ్ లేని ట్రీలో తప్పుతోందా? తప్పకపోతే ఆ టెస్ట్ దేన్నీ పట్టుకోవడం లేదు.

## 9. తరచుగా ఎదురయ్యే పొరపాట్లు, వాటికి మందు

ఫిక్స్‌తో పాటు పేర్లు, ఖాళీలు సర్దడం. రెండు ప్యాచ్‌లుగా విడదీయించండి. ఫిక్స్ ముందు రావాలి, సర్దుబాటు తర్వాత. స్టేబుల్ కెర్నెళ్లకు మొదటిది మాత్రమే వెళ్లాలి.

లక్షణాన్ని కప్పేయడం. ఫలితం రుణసంఖ్య అయితే సున్నా ఇచ్చేలా ఒక షరతు పెడతారు. మా పెట్టెలో అలా చేస్తే ఏరేటర్ అప్పుడూ తిరగదు, పైగా లాగ్‌లో అనుమానించడానికి రుణసంఖ్య కూడా కనబడదు. ఇలాంటి ప్యాచ్‌ను నిర్మొహమాటంగా తిప్పి పంపాలి.

పక్కనే ఉన్న కవల ఫంక్షన్‌ను మరచిపోవడం. మిల్లీసెకన్లకు ఉన్న తప్పే మైక్రోసెకన్ల ఫంక్షన్‌లోనూ ఉంటుంది. అక్కడ 32 బిట్లు నిండటానికి 36 నిమిషాలు కూడా పట్టదు. ఎవరికీ కనబడలేదంటే ఆ ఫంక్షన్‌ను ఎవరూ పిలవడం లేదన్నమాట. అలాంటప్పుడు తీసేయమని అడగవచ్చు.

అన్‌సైన్డ్‌గా మార్చేసి చేతులు దులుపుకోవడం. బగ్ 24 రోజుల నుంచి 49 రోజులకు జరుగుతుంది, అంతే.

## 10. జవాబు రాయడం

ప్రతి వ్యాఖ్యను సంబంధించిన వరుస కిందే రాయండి. "ఇది తప్పు" అనడం కంటే, "సె విలువ 2147484 అయినప్పుడు ఈ గుణకారం 32 బిట్ల ఆర్మ్‌లో ఎంత ఇస్తుంది?" అని అంకెతో అడిగితే రచయిత తానే లెక్క వేసి చూసుకుంటారు, వాదన పెరగదు. తప్పనిసరిగా మార్చవలసినవి, ఇష్టమైతే మార్చదగినవి వేరువేరుగా చెప్పండి.

'రివ్యూడ్ బై' అన్నది మర్యాదకు వేసే సంతకం కాదు. సాంకేతికంగా పరిశీలించాననీ, నా అభ్యంతరాలను రచయితకు తెలిపి వాటికి తృప్తికరమైన జవాబు పొందాననీ దాని అర్థం. నడిపి చూశారు గానీ కోడ్ లోతుగా చదవలేదంటే 'టెస్టెడ్ బై' మాత్రమే ఇవ్వండి. ఏ యంత్రం మీద, ఎన్ని బిట్ల మీద నడిపారో పక్కన ఒక వరుస రాయండి.

పేరు ఇచ్చిన తర్వాత ఇంకో వెర్షన్ వస్తే, గిట్ రేంజ్‌డిఫ్‌తో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క చేసే వరుస ఒక్కటి మారినా, మీ పేరు తీసేయమని చెప్పి అయిదో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మా మావయ్య పెట్టెకు చివరకు ఎక్కింది నాలుగో వెర్షన్. మూడో దానిలో ఎవరో కాస్ట్‌ను మళ్లీ కుండలీకరణాల బయటికి లాగేశారు.